నాంపల్లి కూడా పల్లే

పల్లెటూళ్లో కొత్త ఇల్లు కట్టేవాడు ఊరి తీరు చూసి కట్టాలంటే ఎవరూ ఎదురు చెప్పరు. పెంకుటిళ్ల వరసలో అద్దాల మేడ లేస్తే దాని యజమానికి తప్ప ఊరందరికీ కంట్లో నలుసే. అదే మాట హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న అబిడ్స్ గురించి అని చూడండి, ఎదుటివాళ్లకు నవ్వొస్తుంది. "అబిడ్స్‌కు తీరేమిటండీ! హోర్డింగులూ, కేబుల్ తీగలూ, హారన్లూ. కూల్చి కట్టుకుంటేనే బాగుపడుతుంది."

ఈ మాట బిల్డర్లది మాత్రమే అయితే పట్టించుకోనక్కర్లేదు. పట్నం మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఇదే అంటున్నారు. వాళ్ల వాదనను వీలైనంత బలంగానే చెప్తాను, బలహీనంగా చెప్పి ఓడించడంలో గొప్పేమీ లేదు. పట్నం నడిబొడ్డున గజం నేల విలువ అందరికీ తెలుసు. మెట్రో వచ్చింది, జనం పెరిగారు, ఎత్తు పెరగక తప్పదు. కట్టడం ఎలా ఉండాలో సర్కారు చెప్పడం మొదలెడితే పెట్టుబడి గచ్చిబౌలికి పోతుంది, ఇక్కడి పాత యజమాని పగుళ్లిచ్చిన గోడల మధ్య మిగిలిపోతాడు. చార్మినార్‌ను కాపాడుకుందాం, అసెంబ్లీ భవనాన్ని కాపాడుకుందాం. మిగతాచోట ఎవరి స్థలం వాళ్లిష్టం. ఊరి తీరు గీరు అన్నవి పల్లెలకు సరిపోతాయి, పట్నానికి కాదు.

ఈ చివరి వాక్యం అబిడ్స్ పక్కనే ఉన్న నాంపల్లిలో నిలబడి అనడం కొంచెం చోద్యం. ఊరి పేరులోనే పల్లి ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో నేక్‌నామ్ ఖాన్ అనే పెద్ద ఉద్యోగి పేరు మీద వెలిసిన ఊరని చెప్తారు. ఔరంగజేబు సైన్యంతో వచ్చినవాళ్లుగా చెప్పుకునే ఇద్దరు సూఫీల సమాధులు, యూసుఫైన్ దర్గా, ఇక్కడే ఉన్నాయి. ఆ తర్వాత 1907లో రైల్వే స్టేషన్ కట్టారు, దాని ఎదుట ప్రయాణికుల కోసం సరాయి వెలిసింది. దర్గా సందులో గులాబీలు అమ్మేవాళ్లు, స్టేషన్ చుట్టూ లాడ్జీలు, లాడ్జీల కింద చాయ్ హోటళ్లు. ఇవేవీ ఒకరు గీసిన ప్లాను ప్రకారం రాలేదు. దిగినవాడికి ముందు చాయ్ కావాలి, తర్వాత మంచం కావాలి, తర్వాత దారి చెప్పేవాడు కావాలి. ఆ వరసలోనే కట్టడాలు నిలబడ్డాయి. పల్లెలో చెరువు గట్టు, రచ్చబండ, సాలెవాడ పుట్టినట్టే పుట్టాయి. పట్నం పెరిగి మీద పడినంత మాత్రాన ఊరికి ఊరి లక్షణం పోదు. పోగొడితే పోతుంది.

ఇక అసలు విషయం. "ఎవరి స్థలం వాళ్లిష్టం" అనేది అబిడ్స్‌లోనే కాదు, తెలంగాణలో ఏ మున్సిపాలిటీలోనూ లేదు. 2006లో వచ్చిన జీవో 86, స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని ఎత్తేసింది. కట్టడం ఎంతుండాలో ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ నిర్ణయిస్తాయని చెప్పింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 అదే బాటలో నడిచింది. స్థలం ఎంత, రోడ్డు ఎంత, ఎత్తు ఎంత అన్నవి పట్టికలో చూసుకుంటే ముందు ఇన్ని మీటర్లు, పక్కలకు ఇన్ని, వెనక ఇన్ని వదలాలని తేలుతుంది. కట్టిన వైశాల్యంలో ఇంత శాతం బండ్లకు కేటాయించాలి. స్టిల్టు వేస్తే, అంటే కింది అంతస్తును స్తంభాల మీద ఖాళీగా కార్లకు వదిలితే, దాని ఎత్తు కట్టడం ఎత్తులో లెక్కకు రాదు.

ఈ నాలుగు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక బొమ్మ తయారవుతుంది. రోడ్డు నుంచి వెనక్కి జరిగిన మేడ, ముందు సిమెంటు జాగా, జాగాలో జనరేటరు, రోడ్డు మీదకు దిగే ర్యాంపు, ర్యాంపు కోసం కోసేసిన ఫుట్‌పాత్. కింద స్తంభాల మీద చీకటి, ఆ చీకట్లో కార్లు, వాటి మధ్య కుర్చీలో వాచ్‌మన్. రెండు మేడల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, అందులో ఏసీల నుంచి కారే నీళ్లు. ఆర్కిటెక్ట్ ఎవరైనా, యజమాని రుచి ఏదైనా, వచ్చేది ఈ బొమ్మే. కూకట్‌పల్లిలో, కరీంనగర్‌లో, మండల కేంద్రం బస్టాండు ఎదుట, అంతటా ఇదే. దీన్ని రూపం గురించిన నిబంధన అనకపోతే ఇంకేమంటారు? రూపాన్ని శాసించే పుస్తకం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఆ పుస్తకంలో రూపం అన్న మాట లేదంతే.

అందుకే "నిబంధనలు కావాలా, స్వేచ్ఛ కావాలా" అని అడిగేవాళ్లతో నాకు పేచీ. ఆ ప్రశ్నే తప్పుడు ప్రశ్న. కొత్త పేటలో బండి దిగి ఇంట్లోకి పోయేవాడి కోసం రాసిన నిబంధన ఒకటి, నడిచి వచ్చి గడప ముందు ఆగేవాడి కోసం రాయాల్సినది ఇంకొకటి. మనం మొదటిదాన్ని తెచ్చి అబిడ్స్ నెత్తిన పెట్టి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నాం.

అబిడ్స్ తీరు అంటే గుమ్మటాలూ ఆర్చీలూ అనుకునేవాళ్లు ఎక్కువ. ఆల్బర్ట్ ఆబిద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మీనియన్. ఆయన పెట్టిన దుకాణం పేరే ఈ పేటకు మిగిలింది. ఒక దుకాణదారు పేరు పట్నం నడిబొడ్డుకు స్థిరపడటంలోనే దాని స్వభావం ఉంది. కోటకూ గుడికీ చుట్టూ ఏర్పడిన చోటు కాదిది, కొనుగోళ్ల కోసం జనం కాలినడకన తిరిగిన చోటు. ఇక్కడ రోడ్డుకు ఆనుకుని మల్గీలు, అంటే దుకాణపు గదులు, ఉంటాయి. మల్గీ ముందు రెండు మెట్లు, లేదా ఒక అరుగు. మల్గీ పక్కన సన్నటి చెక్కమెట్లు ఎక్కితే పైన ఒక దర్జీ, ఒక గడియారాల రిపేరు, ఒక వకీలు ఆఫీసు, ఒకప్పుడైతే ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. ఇంకా పైన ఒక కుటుంబం ఉండేది. పక్క మల్గీకీ దీనికీ గోడ ఒకటే. గుర్రపు బగ్గీ నుంచి స్కూటర్ దాకా అన్నీ చూసిన ఈ వరసకు ఒక్క విషయంలో మార్పు రాలేదు. నడిచేవాడికీ దుకాణానికీ మధ్య దూరం మూడడుగులే.

ఆదివారం వెళ్లి చూడండి. దుకాణాలన్నీ మూసి ఉంటాయి. వాటి షట్టర్లకు ఆనించి, మెట్ల మీద, అరుగుల మీద, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగు గైడ్లు, బాలల బొమ్మల పుస్తకాలు, ఉర్దూ పత్రికలు, ఎవరో చనిపోయాక ఇంట్లోంచి తూకానికి వచ్చేసిన తెలుగు నవలలు. నాకు చదువు నేర్పిన బడుల్లో ఇదొకటి, ఫీజు కూడా తక్కువే. ఈ సంతకు సర్కారు కట్టిన షెడ్డు లేదు, నడిపే సంఘం పేరున పెద్ద బోర్డు లేదు. దీన్ని నిలబెట్టింది రోడ్డును ఆనుకున్న దుకాణం గోడ, ఆదివారం మూసి ఉండే షట్టరు, కూర్చోడానికి వీలైన మెట్టు. ఈ మూడూ ఉంటే సంత ఉంటుంది. స్టిల్టు గేటు ముందు ఎవరూ పుస్తకాలు పరవలేరు, కారు వస్తుంది. తీరు అంటే నేననేది ఇది. కొలతల్లో చెప్పగలిగినది, కంటికి అందంగా ఉన్నా లేకున్నా పని చేసేది.

అందుకే పాతదనాన్ని కాపాడే నా మిత్రులతోనూ నాకు కొంత తగాదా ఉంది. వాళ్లు పోరాడింది కట్టడాల కోసం, వీధుల కోసం కాదు. 1981 నాటి జోనింగ్ నిబంధనలకు 1995లో పదమూడో నిబంధన చేర్చి, పట్నంలో దాదాపు నూట యాభై కట్టడాల జాబితా తయారుచేశారు. ఆ జాబితాలో ఉన్నదాన్ని తాకాలంటే కమిటీ అనుమతి కావాల్సి వచ్చేది, లేనిదాన్ని ఏమైనా చేయగలిగేవాళ్లు. నవాబుల దేవిడీ ఉంటుంది, దానికి అటూ ఇటూ ఉన్న మల్గీల వరస పోతుంది. పళ్లన్నీ పీకేసి రెండు కోరపళ్లకు బంగారు తొడుగు వేసినట్టు. 2015లో ఆ పదమూడో నిబంధనే ఎత్తేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబర్‌లో ఎర్రమంజిల్ మహలును కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. మంచిదే, నేనూ సంతోషించాను. కానీ కోర్టు ఒక మహలును కాపాడగలదు, మల్గీల వరసను కాపాడలేదు. దానికోసం ఎవరూ పిటిషన్ వేయరు కూడా. ఏ ఒక్క మల్గీ చరిత్ర పుస్తకానికి ఎక్కేంత గొప్పది కాదు మరి.

ఇంకో రకం మిత్రులున్నారు, వీళ్లు మరీ ప్రమాదం. వారసత్వం అనగానే కొత్త మేడకు ముందు రెండు ఉత్తుత్తి ఆర్చీలు అతికించి, గోధుమరంగు వేసి, పైన ప్లాస్టరుతో చిన్న మినార్లు పెడతారు. కింద యథాప్రకారం స్టిల్టే. రాజుగారి వేషం వేసుకున్న గోడౌను. ఇలాంటిదే రూపం గురించిన మార్గదర్శనమైతే నేనూ బిల్డర్ల పక్షమే.

"నిబంధన పెట్టి మంచి వీధి కట్టడం సాధ్యమా" అని అడిగేవాళ్లు ఇక్కణ్నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలో జవాబు చూడొచ్చు. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. చార్మినార్‌కు వెళ్లే దారిలో పత్తర్‌గట్టిని వెడల్పు చేసినప్పుడు ఆ బోర్డు రోడ్డు వెయ్యడంతో ఆగలేదు. రెండు వైపులా రాతి ఆర్చీల వసారాలు కట్టి, వాటి వెనక దుకాణాలు పెట్టి, పైన నివాసాలకు వీలు చేసింది. రోడ్డు పెరిగింది, దుకాణం వెనక్కి పోలేదు, నడిచేవాడికి మే నెల ఎండలోనూ నీడ దొరికింది. అబిడ్స్ చివర మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టినదీ ఆ కాలపు ఆలోచనతోనే. ఏడో నిజాం రెండో కొడుకు పేరు దానికి పెట్టారు. మూల మీద గడియారపు గోపురం, దాని నుంచి రెండు చేతుల్లా సాగిన దుకాణాల వరసలు, ముందు వసారా. 2020లో మరమ్మతు చేసి మళ్లీ తెరిచినప్పుడు పట్నమంతా ఐస్‌క్రీమ్ తినడానికి అక్కడికే పోయింది. పాతదనం మీద మోజుతో పోయారనుకోవడం పొరపాటు. పిల్లలతో వెళ్లి నీడలో నిలబడగలిగిన చోటు పట్నంలో అరుదైపోయింది, అందుకని పోయారు.

బోర్డు చేసినదంతా మంచిదని నేననను. ఇరుకు బస్తీలను ఊడ్చేసింది, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లను ఎవరూ అడిగి చేసిన పని కాదది. కానీ బోర్డు వదిలిన రుజువు మాత్రం కాదనలేనిది. రోడ్డు వెడల్పు చేయడానికీ వీధిని చంపడానికీ సంబంధం లేదు. జైపూర్‌లో 1727లో సవాయి జైసింగ్ వేయించిన బజార్లు ఇప్పటికీ వ్యాపారం చేస్తున్నాయి, ఆ ముందుభాగాల క్రమశిక్షణ వల్ల ఎవడూ దివాలా తీయలేదు.

అయితే యజమాని గోడు? ఇది కొట్టిపారేయదగ్గది కాదు. నాంపల్లిలో ఒక పాత ఇంటాయన నాతో అన్నాడు: "సార్, మా తాత కట్టిన ఇల్లు మీకు అందంగా కనబడ్తది. వాన పడితే నాకు బకెట్లు కనబడ్తయి." డంగు సున్నం తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికితే అడిగే కూలీ అందదు, టేకు దూలం ధర చెప్తే గుండె గుభేలంటుంది. పన్నెండు మంది వాటాదారులు, అందులో ఇద్దరు అమెరికాలో. ఆయన అమ్ముతాడు, నేనైనా అమ్ముతాను. పదమూడో నిబంధన ఆయనకు చెప్పింది "వద్దు" అన్న ఒక్క ముక్కే. వద్దు అన్నప్పుడు ఆయన కోల్పోయేదానికి బదులేమిస్తావో కూడా చెప్పాలి. ఆ సాధనం కూడా మన నిబంధనల్లోనే ఉంది. కట్టకుండా వదిలిన హక్కును సర్టిఫికెట్‌గా మార్చి వేరేచోట కట్టేవాడికి అమ్ముకునే పద్ధతి, టీడీఆర్ అంటారు. రోడ్డు వెడల్పుల కోసం దాన్ని ధారాళంగా వాడుతున్నాం. రోడ్డు కోసం ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఇచ్చే కాగితం, వీధి కోసం ఇల్లు నిలబెట్టినవాడికి ఎందుకివ్వం?

పైగా నేను పాత ఇల్లు అలాగే ఉంచమనడం లేదు. ఎత్తు వద్దనీ అనడం లేదు. 2018లో నాంపల్లి మీదుగా మెట్రో వచ్చాక ఇక్కడ ఇంకా ఎక్కువమంది ఉండటమే న్యాయం. ఆరంతస్తులు కట్టండి. కానీ మొదటి అంతస్తు రోడ్డును ఆనుకోవాలి. ముందు వదలాల్సిన జాగాను మీ జనరేటరుకు కాకుండా పత్తర్‌గట్టిలోలా పైన కప్పున్న వసారాగా జనానికి వదలండి, దాని మీద అంతస్తు వేసుకోండి. పక్కింటి గోడను ఆనుకోనివ్వండి. వెనక వైపు, మధ్యలో గాలికీ వెలుతురుకూ జాగా ఉంచండి, మన భవంతి ఇళ్లల్లో నడుమ ఆకాశం వదిలినట్టు. రోడ్డు వైపు ఇరవై అడుగులకొక తలుపైనా ఉండాలి. బోర్డు మేడ మొత్తాన్ని కప్పకూడదు, కిటికీలు అల్యూమినియం పలకల వెనక సమాధి కాకూడదు. కింద మనుషులు కూర్చోవాలి, కార్లు కాదు. ఇదంతా కలిపి ఒక్క పేజీ కూడా కాదు. అగ్నిమాపక బండి తిరగాల్సిన నిజమైన ఎత్తు మేడల విషయం వేరు, వాటికి చుట్టూ జాగా ఉండి తీరాలి.

కార్లెక్కడ పెట్టాలని అడుగుతారని తెలుసు, ప్రతి సభలోనూ చివరికి వచ్చి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. నాంపల్లి మెట్రో దగ్గర పదిహేనంతస్తుల యాంత్రిక పార్కింగ్ భవనం కట్టారు, కార్లను లిఫ్టులో పైకి పంపించేది. సుమారు 250 కార్లు పడతాయి. ప్రజల స్థలంలో అందరికీ పార్కింగ్ కట్టి, మళ్లీ ప్రతి చిన్న స్థలం యజమానినీ నీ కింది అంతస్తు కూడా కార్లకివ్వమనడం ఏ లెక్క? ఆ మేరకు డబ్బు కట్టించుకుని ఇలాంటివే ఇంకో రెండు కట్టండి. దుకాణం పెట్టుకుంటే అద్దె వచ్చే జాగాను కారుకు ఉచితంగా ఇప్పించే నిబంధనను వ్యాపారానికి మేలు అని పిలవడానికి ధైర్యం కావాలి.

కింది అంతస్తు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాలకు నిప్పంటుకుంది. పై అంతస్తుల్లో తొమ్మిది మంది చనిపోయారు. ఆ నేరం అక్రమ నిల్వది, దాన్ని స్టిల్టు మీదకు నెట్టేసి వాదన గెలవడం నాకిష్టం లేదు. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. రోడ్డు వైపు తెరుచుకున్న దుకాణంలో పొద్దుగూకులూ ఒక మనిషి కూర్చుంటాడు, ఎదురుగా ఇంకొకడు. అక్కడికేం వస్తోందో, ఏం పోతోందో వీధికి తెలుస్తుంది. కిందంతా ఎవరిదీ కాని చీకటిగా చేసినప్పుడు అందులో ఏం చేరుతుందో చూసేవాడు ఉండడు.

ఇక నేను చెప్పిన ఆ ఒక్క పేజీ నిబంధనలు ఎవరు రాయాలి? ఇంగ్లండులో 1990ల్లో ఒక మంచి పద్ధతి మొదలైంది. ఊరివాళ్లే తమ ఊళ్లో ఇళ్లు ఎలా ఉంటాయో, దారులు ఎక్కడ కలుస్తాయో, ఏది పోతే ఊరు ఊరు కాకుండా పోతుందో కూర్చుని రాసుకుంటారు. స్థానిక ప్రణాళికా సంఘం దాన్ని ఆమోదిస్తే కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఆ రాత చూడాలి. పల్లెల కోసం పెట్టిన పద్ధతే అది. దాన్ని నాంపల్లికి తెస్తే అందులో సంతకం చేయాల్సింది ఆర్కిటెక్టులూ నేనూ కాదు. దర్గా ముందు పూలమ్మేవాళ్లు, లాడ్జీ యజమానులు, ట్రూప్ బజార్ హార్డ్‌వేర్ వ్యాపారులు, చాపెల్ రోడ్డు బడులకు పిల్లల్ని దింపే తల్లిదండ్రులు, బకెట్లు పెట్టుకునే ఆ ఇంటాయన. వీళ్లలో సగం మందికి నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. అప్పుడు వాళ్ల మాటే చెల్లాలి. ఇప్పుడు చెల్లుతున్నది వాళ్ల మాటా కాదు, నా మాటా కాదు, ఎప్పుడో ఎక్కడో కొత్త లేఅవుట్లను దృష్టిలో పెట్టుకుని టైపు చేసిన ఒక పట్టిక.

పోయిన ఆదివారం పుస్తకాల వరస వెంబడి నడిచాను. ఒక చోట కొత్త మేడ దగ్గర వరస ఠక్కున ఆగిపోయింది, దాదాపు ముప్పై అడుగుల మేర ఖాళీ. గేటు ముందు గొలుసు, గొలుసుకు 'నో పార్కింగ్' బోర్డు, లోపల ఒక్క కారూ లేదు. ఆ ముప్పై అడుగులు దాటాక పాత షట్టరు దగ్గర పుస్తకాలు మళ్లీ మొదలయ్యాయి. "ముందు అక్కడ కూడా పెట్టేవాళ్లం సార్" అన్నాడు పుస్తకాలాయన, నేను బేరమాడుతున్న నిఘంటువు మీద దుమ్ము దులుపుతూ. "ఇప్పుడు ఈ పక్కది కూడా అమ్మేసిండ్రట. వచ్చే ఏడు వస్తే జీపీవో దిక్కు చూడండి."